టిరియన్ లానిస్టర్ పిచ్చిరాజు కొడుకేనా? నేనైతే కాదంటాను

అడిగిన ప్రశ్న ఇది: ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లో టిరియన్ నిజానికి టైవిన్ లానిస్టర్ కొడుకు కాదు, పిచ్చిరాజు ఏరిస్ టార్గేరియన్‌కి పుట్టినవాడు అని ఒక సిద్ధాంతం ఉంది. మీరు నమ్ముతారా?’

నమ్మను. సీరియల్ ఒక్కటే చూసి వాదనకు దిగేవాళ్లతో నాకు ఓపిక లేదు కాబట్టి, ఆ సీరియల్‌కి మూలమైన జార్జ్ మార్టిన్ పుస్తకాలు చదివే ఈ మాట అంటున్నానని ముందే చెప్పేస్తున్నా.

అసలు ఈ తంటా అంతా, కథలో నెడ్ స్టార్క్ అనే ప్రభువుకి అక్రమ సంతానంగా పెరిగిన జాన్ స్నో వల్ల వచ్చింది. 1996లో మొదటి పుస్తకం వచ్చిన కొద్దికాలానికే, అతను నెడ్ స్టార్క్ కొడుకు కాదు, నెడ్ చెల్లెలు లియానాకీ పిచ్చిరాజు కొడుకు యువరాజు రేగార్‌కీ పుట్టినవాడని లెక్క తేల్చిన పాఠకులున్నారు. 2016లో ఆరో సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో లియానా కన్న బిడ్డను చూపించారు, మరుసటి ఏడు తండ్రి పేరు కూడా చెప్పేశారు. ఒక్కసారి అంచనా నిజమయ్యేసరికి జనం రుచి మరిగారు. ఇక కథలో కాస్త తెలివిగా మాట్లాడే ప్రతివాడికీ రాజరక్తం ఎక్కించడమే పనిగా పెట్టుకున్నారు.

టిరియన్ విషయంలో వాళ్లు చూపేవి పుస్తకాల్లో ఉన్నవే, కాదనను. టైవిన్ భార్య జోవానా మీద ఏరిస్‌కి కన్నుంది. వాళ్ల పెళ్లిరాత్రి అతను హద్దు మీరాడని ఏరిస్ అంగరక్షకుడిగా చేసిన ముసలి బారిస్టన్, ఏరిస్ కూతురు డెనేరిస్‌తో అంటాడు. టిరియన్ జుట్టు, టార్గేరియన్ల వెండిజుట్టులా, తెల్లగా కనిపించేంత పాలిపోయిన రంగు. చిన్నప్పుడు, టార్గేరియన్లు సవారీ చేసే డ్రాగన్ల గురించి కలలు కన్నాడు. నువ్వు నా కొడుకువి కాదని నేను రుజువు చెయ్యలేకపోతున్నా కాబట్టే మా ఇంటిపేరు పెట్టుకు తిరుగుతున్నావని టైవిన్ మొహం మీదే అన్నాడు. చచ్చేముందు కూడా నువ్వు నా కొడుకువి కాదనే అన్నాడు.

ఈ ఆఖరిది ఆధారమట! కోపమొచ్చినప్పుడు కొడుకుని ‘నువ్వు నాకు పుట్టలేదురా’ అనని తండ్రి మా నెల్లూరు జిల్లాలో ఎవరైనా ఉన్నారా? ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు ఏ వీధిలో నిలబడినా వినిపిస్తుంది. పైగా టైవిన్ ఆ మాటన్నది మరుగుదొడ్డిలో కూర్చుని, కడుపులో బాణం దిగి ఉండగా. వేసినవాడు ఆ కొడుకే. ఆ స్థితిలో మనిషి వంశవృక్షం వివరిస్తాడా?

ఇలాంటి ఆధారాలు ఎట్టా పుడతాయో నేను మా ఇంట్లోనే చూశాను. మాది ఉదయగిరి దగ్గర పల్లె. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కోట మాకు తలెత్తితే కనపడుతుంది. దాని చుట్టుపక్కల ప్రతి ఇంటికీ ఒక దళవాయో (అంటే సేనానాయకుడు) సామంతుడో పూర్వీకుడిగా ఉంటాడు. ఆ కొండ మీదికి అంత రాయి మోసిన కూలీల వారసులు ఏమయ్యారో గానీ, ఇంతవరకు నాకు ఒక్కరూ తగల్లేదు.

మా పెదనాయన లెక్కలో మేం దళవాయిల వంశం. దానికి రుజువు పాత ట్రంకుపెట్టెలో, పట్టుపంచె మడతల మధ్య ఉండే ఒక కాయితం. అందులో ‘రాజముద్ర’ ఉందని పండక్కి వచ్చిన ప్రతి అల్లుడికీ చెప్పేవాడు. చూపించమంటే మాత్రం చిరిగిపోద్దని తియ్యడు. ఒక సంక్రాంతికి మా బావ బెంగళూరు నుంచి వచ్చి, ఈసారి చదివించాల్సిందే అని పట్టుబట్టాడు. తెలుగు పండితుడిగా రిటైరైన పంతులుగారు ఒకాయన మా పక్క వీధిలో ఉంటాడు. వాళ్ల తాత కరణం. గొలుసుకట్టు రాత చదవగలిగినవాళ్లు ఆ ఊళ్లో ఆయన తప్ప మిగల్లేదు. అరిసెలు పెట్టి, వసారాలో మంచం వేసి, వెలుతురుకి ఎదురుగా కూర్చోబెట్టాం.

అక్షరాలన్నీ కలం ఎత్తకుండా ఒకదానికొకటి తగిలించి రాసినవి. కాయితం అంచులు చీడపట్టిన ఆకులా ఉన్నాయి. పంతులుగారు భూతద్దం పెట్టి, పెదాలు కదుపుతూ, వేలు ఆనించకుండా గాల్లోనే గీసుకుంటూ చదివాడు. పెదనాయన పైపంచె సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు. చాలాసేపటికి పంతులుగారు తలెత్తి, ‘ఇది అప్పుకాయితం మాదిరుందయ్యా’ అన్నాడు. మా పూర్వీకుడెవరో కాడి ఎద్దుల్ని తాకట్టు పెట్టి రెండు పుట్ల జొన్నలు నాగుకు తీసుకున్నాడట. పంట రాగానే వడ్డీ గింజలతో సహా కొలిచిస్తానని రాసిచ్చాడు. ‘రాజముద్ర’ ఆయన వేలిముద్ర. సిరా ఎక్కువై గుండ్రంగా అలుక్కుపోయింది.

వసారాలో ఎవరూ నోరెత్తలేదు. పెదనాయన మాత్రం తొణకలేదు. ‘అదీ సంగతి! మామూలోడికి రెండు పుట్లు ఎవుడిస్తాడబ్బయా? పేరున్న కొంప గాబట్టే అప్పు పుట్టింది’ అని కాయితం మళ్లీ మడత పెట్టేశాడు. మర్నాడు చుట్టాలొస్తే కథ మళ్లీ మామూలే. కాకపోతే ఇప్పుడు అందులో ‘పంతులుగారే చదివి చెప్పారు’ అనేది కొత్తగా చేరింది.

టిరియన్ సిద్ధాంతకర్తలతో మాట్లాడితే అచ్చం పెదనాయనతో మాట్లాడినట్టే ఉంటుంది. టార్గేరియన్ల కళ్లు ఊదారంగు కదా, టిరియన్‌కి ఒకటి ఆకుపచ్చ, ఒకటి నలుపు, ఊదా ఎక్కడుందయ్యా అంటే, రెండు రంగులుండటమే అసలు గుర్తంటారు. సీరియల్లో 2016లో టిరియన్ రెండు డ్రాగన్ల గొలుసులు విప్పితే, చూశారా, డ్రాగన్లు రక్తాన్ని పసిగట్టాయన్నారు. 2019లో సీరియల్ ఆ ఊసే ఎత్తకుండా ముగిస్తే, సీరియల్ వాళ్లకు కథ రాయడం రాదు కాబట్టి అది లెక్కలోకి రాదన్నారు. (రాయడం రాదన్నంతవరకు ఒప్పుకుంటాను. ఆ ఆఖరి సీజన్ గురించి మొదలుపెడితే నాకు బీపీ పెరుగుతుంది.)

వీళ్లెవరూ జోలికి పోని మనిషి ఒకావిడ ఉంది. టైవిన్ చెల్లెలు జెన్నా. 2005లో వచ్చిన నాలుగో పుస్తకంలో ఆవిడ టిరియన్ అన్న జేమీని కూర్చోబెట్టి, నువ్వు కాదు, టిరియనే టైవిన్ కొడుకు అని తేల్చి చెబుతుంది. ఒకసారి అన్నగారి మొహం మీదే అంటే ఆరు నెలలు మాట్లాడటం మానేశాడట. ఆ కుటుంబాన్ని లోపలి నుంచి చూసిన మేనత్త మాట అది. టైవిన్ పట్టుదల, లెక్క, పగ ఎవరికొచ్చాయో చూడండి. అందంగా పుట్టిన జేమీకి రాలేదు, తండ్రి చూడ్డానికే అసహ్యించుకున్న మరుగుజ్జుకి వచ్చాయి. కథలో నన్ను కట్టిపడేసింది అదే. ఇప్పుడొచ్చి వాడు పరాయివాడి బిడ్డ అంటే టైవిన్ ద్వేషానికి ఒక సాకు దొరుకుతుంది, టిరియన్ వేసిన బాణం పితృహత్య కాకుండా పోతుంది. ఏం మిగిలినట్టు?

కర్ణుడి సంగతి తెచ్చేవాళ్లున్నారు, తెలుసు. తేనీండి. భారతంలో ఆ ఘట్టం ఉద్యోగపర్వంలోది, తెలుగులో రాసింది మా నెల్లూరు మనుమసిద్ధి కొలువులోని తిక్కన. కృష్ణుడే స్వయంగా వచ్చి నువ్వు కుంతి పెద్దకొడుకువి, వస్తే రాజ్యం నీదే అంటే కర్ణుడు ఎగిరి గంతేశాడా? పెంచిన రాధను, ఆదరించిన దుర్యోధనుణ్ణి వదిలి రానన్నాడు. ఈ సిద్ధాంతాలు రాసేవాళ్లు కుంతి దగ్గరే ఆగిపోతారు, రాధ దాకా రారు. మా వైపు పెళ్లిసంబంధాలు చూసేవాళ్లదీ ఇదే తంతు. పిల్లాడు ఏం చదివాడని అడిగేలోపే ముత్తాతకి ఎన్నెకరాలుండేవో అడుగుతారు. ఆ ఎకరాలు ఎప్పుడో కరిగిపోయినా సరే.

ఆరో పుస్తకం కోసం 2011 నుంచి కాచుకుని ఉన్నాం. అది వచ్చి, అందులో మార్టిన్ గారే టిరియన్‌ని ఏరిస్ కొడుకుగా రాసేస్తే? రాసుకోనీండి. నేను మాత్రం జెన్నా అత్త పక్షమే. ఆవిడ మాటలో నిజం లేకపోతే టైవిన్ అంతటివాడు తోడబుట్టిన చెల్లెలితో ఆరు నెలలు మాట్లాడకుండా ఎందుకుంటాడు?