టెక్ సందేహాలు: నంబర్ చెరిగిన ట్రాన్సిస్టర్‌ను గుర్తుపట్టేదెలా?

ప్రశ్న: ఇంట్లో ఉన్న పాత రేడియోను బాగుచేద్దామని విప్పాను. సౌండ్ సెక్షన్‌లో రెండు చిన్న మెటల్ ట్రాన్సిస్టర్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని మీద ఏసీ 128 అని ఉంది. రెండోదాని మీద అక్షరాలు చెరిగిపోయాయి. అదేంటో, దాని కాళ్లలో ఏది ఏదో ఎలా తెలుసుకోవాలి? నా దగ్గర డిజిటల్ మల్టీమీటర్ ఒక్కటే ఉంది.
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ముందు నంబర్ ఉన్నదాని సంగతి చూద్దాం. యూరప్ పద్ధతిలో మొదటి అక్షరం లోపలి పదార్థాన్ని చెబుతుంది: ఏ అయితే జెర్మేనియం, బీ అయితే సిలికాన్. రెండో అక్షరం చేసే పనిని చెబుతుంది: సీ అంటే తక్కువ పవర్ ఆడియో, డీ అంటే ఆడియో పవర్, ఎఫ్ అంటే రేడియో ఫ్రీక్వెన్సీ. కరెంటు దిశను బట్టి ట్రాన్సిస్టర్లు రెండు రకాలు: పీఎన్‌పీ, దానికి తిరగబడిన ఎన్‌పీఎన్. ఏ రకమనేది మాత్రం ఈ అక్షరాల్లో ఉండదు, డేటాషీట్‌లో (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) చూడాల్సిందే. ఏసీ 128 పీఎన్‌పీ. జపాన్‌వాళ్లు ఆ ఇబ్బంది లేకుండా చేశారు. 2ఎస్ఏ, 2ఎస్‌బీ పీఎన్‌పీలు. 2ఎస్‌సీ, 2ఎస్‌డీ ఎన్‌పీఎన్‌లు. కాకపోతే పైన 2ఎస్ ముద్రించరు. సీ 1815 అని కనిపిస్తే అది 2ఎస్‌సీ 1815 అన్నమాట.

ఇక చెరిగిపోయినది. స్పీకర్‌కు ముందు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే రెండూ ఏసీ 128లే అయ్యే అవకాశం ఎక్కువ. లేకపోతే రెండోది దాని ఎన్‌పీఎన్ జోడీ ఏసీ 127 కావచ్చు. ఇది ఊహే, తేల్చాల్సింది మీటరే.

బ్యాటరీ తీసేసి, ట్రాన్సిస్టర్‌ను బోర్డు నుంచి విడదీయండి. బోర్డులోనే ఉంచి కొలిస్తే పక్కనున్న రెసిస్టర్లు, కాయిల్స్ తప్పుదారి పట్టిస్తాయి. మీటర్‌ను డయోడ్ గుర్తు మీద పెట్టండి. ఒక కాలి మీద ఎర్ర ప్రోబ్ ఆనించి, నల్లదాన్ని మిగతా రెండింటికీ తాకించండి. రెండుచోట్లా రీడింగ్ వస్తే ఎర్ర ప్రోబ్ ఉన్నది బేస్ (ట్రాన్సిస్టర్‌ను అదుపు చేసే కాలు), ట్రాన్సిస్టర్ ఎన్‌పీఎన్. నల్ల ప్రోబ్‌ను కదపకుండా ఉంచితే రెండుచోట్లా రీడింగ్ వచ్చిందా, పీఎన్‌పీ. పాత ముల్లు మీటర్ వాడేవారికి ఒక జాగ్రత్త: వాటిలో చాలావరకు ఓమ్స్ రేంజ్‌లో నల్ల ప్రోబే పాజిటివ్, కాబట్టి ఫలితం తిరగబడుతుంది.

ఆ రీడింగ్‌ను కూడా గమనించండి. 0.6 – 0.7 వోల్టుల దగ్గర ఉంటే సిలికాన్, 0.2 అటూ ఇటూ ఉంటే జెర్మేనియం. 1.2 లాంటి అంకె వస్తే అది డార్లింగ్టన్ (లోపల రెండు ట్రాన్సిస్టర్లు కలిపి చేసినది) కావచ్చు.

మిగతా రెండు కాళ్లు ఎమిటర్, కలెక్టర్. వాటిలో ఏది ఏదో తేల్చడమే కాస్త చికాకు. సిలికాన్‌లో సాధారణంగా బేస్–ఎమిటర్ రీడింగే రెండింటిలో కొంచెం ఎక్కువ. అంతకన్నా నమ్మకమైన దారి మీటర్‌లోని హెచ్ఎఫ్ఈ సాకెట్ (ట్రాన్సిస్టర్ కరెంటును ఎన్ని రెట్లు పెంచుతుందో కొలిచేది). బేస్‌ను దాని స్థానంలో ఉంచి మిగతా రెండు కాళ్లనూ అటూ ఇటూ మార్చి చూడండి. ఎక్కువ అంకె చూపిన అమరికే సరైనది. జెర్మేనియంలో లీకేజీ (బేస్‌కు కరెంటు ఇవ్వకున్నా కారే కరెంటు) వల్ల ఈ అంకె ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. వేళ్ల వేడికే ఇంకా పెరుగుతుంది, కాబట్టి ముట్టుకోకుండా కాసేపు వదిలేసి అప్పుడు చదవండి.

ఆకారం చూసి కాళ్లు చెప్పేయకండి. ఒకేలా కనిపించే నల్ల ప్లాస్టిక్ ట్రాన్సిస్టర్లలో చదునైన ముఖం మనవైపు పెట్టి ఎడమ నుంచి చదివితే బీసీ 547లో కలెక్టర్, బేస్, ఎమిటర్. సీ 1815లో ఎమిటర్, కలెక్టర్, బేస్. బేస్ నడుమనే ఉంటుందన్న నమ్మకం ఎన్ని బోర్డులను కాల్చిందో!

మరో మాట. ఏసీ 128 దొరకలేదని సిలికాన్ పీఎన్‌పీని నేరుగా పెట్టేయొద్దు. బయాస్ (బేస్‌కు ముందుగా ఇచ్చే చిన్న వోల్టేజి) 0.2 వోల్టులకు సరిపడా ఉంటుంది, సిలికాన్ దానికి సరిగా తెరుచుకోదు. సౌండ్ బొంగురుపోతుంది.

ప్రశ్న: పాత రేడియోలో ఏఎఫ్ 117 ఉంది. దానికి నాలుగు కాళ్లు ఎందుకు? రేడియో స్టేషన్లు పట్టడం లేదు.
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: నాలుగోది షీల్డ్, మెటల్ డబ్బీకి కలిపి ఉంటుంది. కాస్త ఎడంగా ఉన్నది కలెక్టర్, దాని పక్కదే షీల్డ్. ఏఎఫ్ 114 నుంచి 117 దాకా ఉన్న ఈ రకంలో డబ్బీ లోపలి తగరపు పూత నుంచి వెంట్రుకల్లాంటి సన్నని తీగలు పెరిగి, లోపలి భాగాలను డబ్బీకి కలిపేస్తాయి. మీటర్‌తో షీల్డ్‌కూ మిగతా మూడింటికీ మధ్య చూడండి. ఎక్కడైనా షార్ట్ కనిపిస్తే షీల్డ్ కాలిని కత్తిరించేయండి, చాలా రేడియోలు మళ్లీ పలుకుతాయి. బేస్, ఎమిటర్, కలెక్టర్లలో రెండు డబ్బీకి కలిసిపోయి ఉంటే మాత్రం ఈ చిట్కా పనిచేయదు, ట్రాన్సిస్టర్ మార్చాలి.