కుబుసం సరిగా ఊడని పాము గురించి

చిన్నా,

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. ఒంటి మీద ముక్కలు ముక్కలుగా పొర అంటుకుని ఉంది, ఎడమ కన్ను మసకగా ఉంది, తోక చివర కూడా ఏదో మిగిలినట్టుంది. టెన్షన్ పడకు, ఇది సర్దుకునేదే. కానీ పొడిగా ఉన్న పొరను మాత్రం చేత్తో లాగకు. కింద కొత్త చర్మం లేతగా ఉంటుంది, అదీ కలిసి చిరుగుతుంది.

నీ దగ్గరున్న బాల్ పైథాన్ ఒక రకం కొండచిలువ, ఒంట్లో బాగుంటే మూతి దగ్గర మొదలుపెట్టి, మేజోడు తిరగేసినట్టు కుబుసం మొత్తం ఒకే ముక్కగా విడుస్తుంది. ముక్కలైందంటే చాలాసార్లు కారణం ఒకటే, గాలిలో తేమ చాలలేదు. అది పశ్చిమ ఆఫ్రికా పాము, పగలంతా ఎలుక బొరియల్లోనో చెదపుట్టల్లోనో పడుకుంటుంది, లోపల చెమ్మగా ఉంటుంది. నువ్వేమో చికాగో చలికాలంలో రోజంతా హీటర్ నడిచే ఇంట్లో పెట్టావు. ఆ గాలికి మన పెదవులే పగులుతాయి కదా.

ఈ రోజు చేయాల్సింది చెప్తాను. గాలికి చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బాలో పాము ఒళ్ళు సగం మునిగేన్ని నీళ్ళు పొయ్యి, నీళ్ళ వేడి 29, 30 డిగ్రీల సెల్సియస్ ఉంటే చాలు, మన చేతికి వేడిగా తగిలితే దానికి ఎక్కువైనట్టే. ఇరవై నిమిషాలు ఉంచు, అంతసేపూ పక్కనే కూర్చో, ఫోన్ వస్తే కూడా లేవకు. తర్వాత తడి టవల్‌ని వదులుగా చుట్టి పట్టుకుని దాని మడతల్లోంచి పాముని దానంతటదే పాకనివ్వు, ఆ రాపిడికే నానిన పొర ఊడొస్తుంది. మిగిలితే రేపు మళ్ళీ చెయ్యి. కొబ్బరినూనె రాయమని అక్క అంటుందేమో, వద్దని నా మాటగా చెప్పు.

కంటి సంగతి వేరు. పాముకి రెప్పలుండవు, కంటి మీద అద్దంలాంటి పొలుసు ఉంటుంది, కుబుసంతో పాటు దాని పైపొర కూడా రావాలి. ఊడిన ముక్కల్లో తల భాగం వెతికి చూడు, కళ్ళ దగ్గర గుండ్రంగా రెండు బిళ్ళలు కనిపించాలి. ఒకటే ఉంటే ఎడమ కంటిది ఉండిపోయిందన్నమాట. ట్వీజర్లతో ముట్టుకున్నావో కన్నే పోవచ్చు. తేమ సరిచేస్తే వచ్చే కుబుసంతో చాలావరకు అదే పోతుంది. అప్పటికీ పోకపోయినా, ఈలోపు కన్ను ఉబ్బినా, సరీసృపాలు చూసే వెట్ దగ్గరికి తీసుకెళ్ళు.

తోకని మాత్రం వాయిదా వేయకు. అక్కడ మిగిలిన పొర ఎండి ఉంగరంలా బిగుసుకుంటుంది, రక్తం ఆగి చివర నల్లబడి చచ్చిపోతుంది. నా మొదటి పాముకి వచ్చేసారి పోతుందిలే అని వదిలేశాను, అంగుళం తోక పోయింది. ఇప్పటికీ తలుచుకుంటే బాధగానే ఉంటుంది. నానబెట్టాక తడి దూదితో చివరవైపు మెల్లగా దొర్లిస్తూ తియ్యి.

ఇక పాము ఉండే ట్యాంకు. తేమ చూడ్డానికి గోడకి అంటించే ముల్లు మీటర్‌ని నమ్మకు, తేమ కొలిచే డిజిటల్ హైగ్రోమీటర్ కొని పాము తిరిగే ఎత్తులో పెట్టు. తేమ మామూలుగా 60 శాతం, కుబుసం ముందు 70 దాకా ఉండాలి. జాలీ మూతలోంచే తేమంతా పోతుంది, గాలికి కొంత వదిలి మిగతాది ఫాయిల్‌తో కప్పు. అడుగున కొబ్బరిపొట్టు వెయ్యి, బురదలా మాత్రం తడపకు, పొట్ట కింద పొలుసులు కుళ్ళుతాయి. ఒక డబ్బాకి కన్నం చేసి తడిపి పిండిన స్ఫాగ్నమ్ నాచు నింపి వెచ్చగా ఉండే వైపు పెట్టు, కావాలంటే అదే వెళ్ళి దూరుతుంది. రాసుకోవడానికి ఒక గరుకు కొమ్మ కూడా ఉంచు.

ఈసారి కుబుసం ముందు కళ్ళు నీలంగా మారగానే చేతిలోకి తీసుకోవడం ఆపు, తిండి కూడా పెట్టకు. అప్పుడు దానికి సరిగా కనపడదు, భయపడి కరుస్తుంది. కళ్ళు మళ్ళీ తేటపడ్డాక కొద్ది రోజుల్లో విడుస్తుంది. తేమ బాగున్నా ఇలాగే అయితే నీళ్ళగిన్నెలో, గడ్డం కింద మిరియం నలిపినట్టు నల్లటి చుక్కలు కదులుతున్నాయేమో చూడు, అవి రక్తం తాగే పురుగులు.

రాత్రి నానబెట్టాక తోక ఫోటో దగ్గర్నుంచి తీసి పంపు. ఎంత పొద్దుపోయినా చూస్తాను.

మీ మామయ్య