మొదట ఒక్క నెల సీజనే తీసుకో

బిడ్డా,

సికింద్రాబాద్‌ల నౌకరి దొరికిందని, రూమ్ తీసుకోకుండ హన్మకొండ నుంచే రోజూ పోయొస్తనన్నవని మీ నాయిన చెప్పిండు. మన ఇంట్ల నా తర్వాత సీజన్ టికెట్, అంటే రోజూ పోయొచ్చేటోళ్ల రైలు పాసు, పట్టే ఆడపిల్లవు నువ్వే. గర్వంగనే ఉన్నది. రాత్రి నిద్ర మాత్రం పట్టలే.

సీజన్ 150 కిలోమీటర్ల దాక ఇస్తరు, మనకు సరిపోతది. ఫోటో ఉన్న కార్డు వెంట ఉండాలె. సూపర్‌ఫాస్ట్‌కు సర్‌చార్జి వేరే కట్టాలె. ఈ నడుమ కొన్ని బండ్లు సికింద్రాబాద్ దాక రాకుండ చర్లపల్లి దాకనే పోతున్నయి, చూసుకొని ఎక్కు.

ఎక్కుడు కాజీపేటలనే ఎక్కు. విజయవాడ లైను, బల్లార్షా లైను అక్కడనే కలుస్తయి, ఒక బండి తప్పితే ఇంకోటి దొరుకుతది. కాని ఏదీ ఖాళీగ రాదు. ఒకటి మానుకోట, కేసముద్రం, వరంగల్ జనంతోని వస్తది, భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ అయితే పెద్దపల్లి, జమ్మికుంట జనంతోని. జనగామ దాటినంక చెయ్యి పైకి లేపితే మళ్ల దించే జాగ ఉండది. ఎంత జనమున్నా ఫుట్‌బోర్డు మీద మాత్రం నిలబడకు. రైల్వే చట్టంల 156వ సెక్షన్ కింద 500 రూపాయల దాక జుర్మానో, మూడు నెలల దాక జైలో, రెండూనో ఉన్నది. నాకు ఆ 500 గురించి రంది లేదు, నీ కాలు జారుతదనే రంది.

ఇగ అసలు ముచ్చట. ఇది నీకు ఎవ్వరూ చెప్పరు. నాతోని రోజూ వచ్చేటామె ఒకామె ఉండె. జనరల్ పెట్టెల పాయిఖాన తలుపు దాక జనమే, ఒక్కోసారి లోపట కూడ మనుషులు నిలబడి ఉంటరు. అంతమంది మొగోళ్లను జరుపుకుంట పోవుడెందుకని ఆమె పొద్దున లేచినకాడి నుంచి ఆఫీసు చేరేదాక నీళ్లే ముట్టకపోవు. మాకది వింతగ అనిపించకపోవు, పెట్టెల సగం మంది ఆడోళ్లు అట్లనే చేసేటోళ్లు. ఎండకాలం ఒకనాడు ఆలేరు దాటినంక ఆమె తల నా భుజం మీద వాలింది. నిద్రొచ్చింది కావచ్చు అనుకున్న. పడేటందుకు కూడ జాగ లేక నిలబడే తెలివి తప్పింది బిడ్డా! ఎవరో చైన్ లాగబోతే ఒక పెద్దమనిషి ఆపిండు, చేన్ల నడుమ బండి ఆగితే ఆమెకు డాక్టరు యాడ దొరుకుతడని. కిటికీ కాడికి చేతుల మీదనే మోసి, భువనగిరిల దించినం. మూత్రంల ఇన్ఫెక్షన్ ముదిరి కిడ్నీల దాక పోయిందన్నరు. ఎన్ని మందులు మింగిందో! ఆఖరికి నౌకరే ఇడిసిపెట్టింది. ఎంత పనిమంతురాలు. ఆమె నౌకరి పోయింది పని రాక కాదు, ఒక పెట్టెల ఎంతమందిని ఎక్కించాల్నో అంతకు రెండింతల మందిని ఎక్కించుడు వల్ల. ఇప్పటికీ నాకు కోపమొస్తది.

అందుకే గట్టిగ చెప్తున్న, నీళ్లు బంద్ పెట్టకు. ఇంట్ల తాగు, స్టేషన్ల వెయిటింగ్ రూముకు పోయి రా, బండ్ల గుక్క గుక్క తాగు. అక్కరపడితే సిగ్గుపడకు, "జరగుండ్రి" అని గట్టిగ అను, పక్కన ఒక ఆడామెను తోడు తీస్కపో. దారే దొరకకపోతే జనగామల దిగి వెనుక బండికి పో. లేటయితే ఆఫీసోళ్లు ఓ మాట అంటరు, అననీ. నెలసరి దినాలల్ల రిజర్వేషన్ చేసుకొని కూసోని పో, పైసలు చూడకు. పక్కన ఎవరన్న సొమ్మసిల్లితే రైల్వే వాళ్ల 139కి ఫోన్ చెయ్యి, వచ్చే స్టేషన్ల దించుండ్రి.

సంచి ముందటికి ఏసుకో. ఎవడన్న మీద పడుతుంటే మెల్లగ చెప్పుడు కాదు, పెట్టెంత ఇనేటట్టు ఒర్రు. నువ్వు చిన్నప్పుడు అన్నం వద్దని వాడంత ఇనేటట్టు ఒర్రేదానివి, ఆ గొంతు ఇప్పుడు అక్కరకొస్తది.

మూడు నెలల సీజన్ రెండు నెలల ఇరవై ఒక్క దినాల పైసలకే వస్తదని మీ నాయిన అదే తీసుకొమ్మంటడు. తీసుకోకు. నెలదే తీసుకో. నెల అయినంక కాళ్లు ఉబ్బినా, ఇంటికొచ్చినంక అన్నం తినబుద్ధి కాకున్నా నాకు చెప్పు. తార్నాక దిక్కు హాస్టల్ చూద్దాం. మొదటి నెల కిరాయి నేనిస్త, మీ నాయినకు నేను చెప్పుకుంట.

మీ అత్త