బ్రిస్టల్ సమాధుల మధ్య: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా అబ్బాయి బ్రిస్టల్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. సెప్టెంబరులో మేమిద్దరం వెళ్తున్నాం. రాజా రామమోహన్ రాయ్ సమాధి ఆ ఊళ్లోనే ఉందట కదా. ఎలా వెళ్లాలి? దీపం పెట్టొచ్చా? ఆ రోజే ఇంకేమైనా చూడొచ్చా?
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: వీరేశలింగం గారి ఊరి నుంచి వెళ్తున్న మీకు బ్రహ్మసమాజం గురించి మేం కొత్తగా చెప్పాల్సింది లేదు. సమాధి ఆర్నోస్ వేల్ శ్మశానంలో ఉంది. టెంపుల్ మీడ్స్ రైల్వే స్టేషన్ నుంచి బాత్ రోడ్డు వెంట మైలు దూరం ఉంటుంది, నడిచి వెళ్లిపోవచ్చు. టికెట్ లేదు. పెద్ద గేటు దాటిన కాసేపటికే స్తంభాల మీద నిలబెట్టిన ఛత్రి, అంటే గొడుగులాంటి గోపురపు మండపం, కనిపిస్తుంది. చుట్టూ ఉన్నవన్నీ శిలువలు, గ్రీకు వాలకం రాళ్లు కావడంతో దాన్ని పోల్చుకోవడం తేలికే.

రాయ్ 1833 సెప్టెంబరు 27న బ్రిస్టల్ పక్కనున్న స్టేపుల్టన్‌లో ఒక ఇంట్లో కన్నుమూశారు. ముందు ఆ ఇంటి తోటలోనే, ఏ మత ప్రార్థనా లేకుండా, మౌనంగా పూడ్చారు. పదేళ్లకు, 1843లో, ద్వారకానాథ్ టాగోర్ పూనికతో ఇక్కడికి మార్చారు. ఛత్రి నమూనా విలియం ప్రిన్సెప్ గీశారు. ఫలకాన్ని 1872లో చేర్చారు. దాని ముందు ఆగి పుట్టిన ఏడు చూడండి: 1774 అని ఉంటుంది. మన పుస్తకాల్లో ఎక్కువగా 1772 అని చదువుతాం. మీరు వెళ్లే నెల కూడా బాగా కుదిరింది, ఏటా వర్ధంతి దగ్గర్లో అక్కడ స్మరణ సభ జరుగుతుంది. తేదీ మీ అబ్బాయిని ముందే కనుక్కోమనండి.

పూలు నేల మీద పెట్టండి. దీపం, కుంకుమ, అగరుబత్తి మాత్రం వద్దు. రాయికి సన్నని రంధ్రాలుంటాయి, నూనె గానీ కుంకుమ గానీ ఒకసారి లోపలికి ఇంకితే మళ్లీ పోదు. అంత్యక్రియలు జరుగుతుంటే కెమెరా లోపల పెట్టేసి పక్కకు తప్పుకోండి. అది 45 ఎకరాల వాలు నేల. పైకి వెళ్లేకొద్దీ చెట్లు కమ్ముకుని, తీగలు అల్లుకుని ఉంటాయి, వాన పడితే జారుతుంది. చెప్పులతో కాకుండా పట్టున్న బూట్లతో వెళ్లి, కనీసం రెండు గంటలు కేటాయించండి.

తిరిగొచ్చేటప్పుడు స్టేషన్‌కి దగ్గర్లోనే సెయింట్ మేరీ రెడ్‌క్లిఫ్ చర్చి ఉంది. ఆవరణలో గడ్డిలోకి ఏటవాలుగా దిగిపోయిన ట్రాం పట్టా ముక్క ఉంటుంది. 1941 ఏప్రిల్ 11 రాత్రి బాంబు దెబ్బకు వీధిలోంచి ఎగిరొచ్చి అక్కడ గుచ్చుకుంది, దాన్ని అలాగే ఉంచేశారు. 1912 నుంచి 1927 దాకా ఆ చర్చిలో బతికిన పిల్లికీ అక్కడే ఒక చిన్న రాయి ఉంది.

ఓపిక ఉంటే మర్నాడు బస్సులో ఊరి ఉత్తరపు అంచున ఉన్న హెన్‌బరీకి వెళ్లండి. సెయింట్ మేరీ చర్చి ఆవరణలో స్కిపియో ఆఫ్రికానస్ సమాధి ఉంది. ఒక ప్రభువు ఇంట్లో నౌకరుగా ఉన్న ఆ నల్లజాతి కుర్రవాడు 1720 డిసెంబరు 21న, 18 ఏళ్లకే పోయాడు. తల దగ్గర ఒక రాయి, కాళ్ల దగ్గర ఒక రాయి, వాటి మీద నల్లని ముఖాల దేవదూతలు. బానిస వ్యాపారంతో బలిసిన ఈ రేవుపట్నంలో అలాంటివాడికి పేరు చెక్కిన రాయి దక్కడమే అరుదు. 2020 జూన్‌లో ఎవరో దాన్ని పగలగొట్టారని గుర్తుచేసుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. మా మాట అడిగితే, ఏది మానుకున్నా ఇది మానుకోవద్దు.

ప్రశ్న: పాత రాళ్ల మీద అక్షరాలు అరిగిపోయి ఉంటాయి. సుద్దపొడి రాస్తే కనిపిస్తాయంటారు, నిజమేనా?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: కనిపిస్తాయి, రాయి మాత్రం పాడవుతుంది. సుద్ద రుద్దితే అక్షరాల అంచులు మరింత అరుగుతాయి. కొందరు సుద్దకు బదులు రాసే షేవింగ్ నురగలోని రసాయనాలు రంధ్రాల్లో ఉండిపోతాయి. నాచును గోకితే దానితోపాటు రాతి పైపొర కూడా ఊడుతుంది. ఇసుకరాయి పొరలు పొరలుగా ఉంటుంది. పొరల మధ్యకు చేరిన నీరు చలికి గడ్డకట్టి ఉబ్బితే అక్షరాలున్న పలక మొత్తం విడిపోతుంది. అలా ఉబ్బిన రాయిని తట్టి చూడకండి. ఒరిగిన రాయికి ఆనుకోకండి, పిల్లల్ని ఆనుకోనివ్వకండి.

వెలుతురుతోనే పని జరుగుతుంది. టార్చిని రాతికి ఎదురుగా కాకుండా ఒక పక్క నుంచి, ఉపరితలానికి దాదాపు ఆనిస్తున్నట్టుగా పట్టుకోండి. గీతల్లో నీడ నిండి అక్షరం లేచి కనిపిస్తుంది. పగలైతే ఒకరు అద్దంతో ఎండను పక్క నుంచి మళ్లిస్తే మరొకరు ఫొటో తీయండి. ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, పై నుంచి ఒకటి తీయాలి, ఒకదానిలో అందని గీత మరోదానిలో దొరుకుతుంది.

చదివేటప్పుడు ఎఫ్ లాగా కనిపించే అక్షరం చాలాసార్లు పొడవుగా రాసిన ఎస్. ‘రెలిక్ట్’ అంటే భర్త పోయిన స్త్రీ. 1752కి ముందు ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి జనవరి 1, మార్చి 24 మధ్య తేదీ ఉంటే మన లెక్కకు ఒక ఏడు కలపాలి.

ప్రశ్న: మా అమ్మమ్మ వైపు వాళ్లు ఆంగ్లో ఇండియన్లు. వాళ్ల పూర్వీకుడొకాయన 1840ల్లో బ్రిస్టల్‌లో చనిపోయారని ఇంట్లో చెప్పుకుంటారు. సమాధి దొరుకుతుందా?
- ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

జవాబు: రాయి కోసం తిరిగేకన్నా ముందు రిజిస్టరు చూడండి, ఎందుకంటే పేదవారిలో చాలామందికి రాయే పెట్టలేదు. ఇంగ్లండులో 1837 జూలై 1 నుంచి మరణాల ప్రభుత్వ నమోదు మొదలైంది, ఆ పత్రంలో వృత్తి, మరణ కారణం ఉంటాయి. చర్చి ఖనన రిజిస్టర్లు బ్రిస్టల్ ఆర్కైవ్స్‌లో, ఒకప్పటి పొగాకు గిడ్డంగి బీ బాండ్‌లో, ఉన్నాయి. 1813 నుంచి వాటిలో పేరు, నివాసం, పూడ్చిన తేదీ, వయసు, ప్రార్థన చేసిన పాస్టరు పేరు మాత్రమే రాశారు. తండ్రి పేరు కోసం వెతికి నిరాశపడకండి. ఆ తేదీ మరణానిది కాదు, పూడ్చినది.

కలరా, కిక్కిరిసిన నేల కారణంగా 1850ల్లో ఊరి నడుమ చర్చి ఆవరణల్లో పూడ్చడం ఆపేశారు. తర్వాత కొన్నిచోట్ల రాళ్లు పీకి గోడల వెంబడి వరుసగా నిలబెట్టారు. అలా గోడకు ఆనించిన రాయి మీద మీ పూర్వీకుడి పేరు కనబడినా, ఆయన్ను పూడ్చింది ఆ రాతి కింద కాదు.