గర్భిణిగా ఉన్న భార్యతో విశ్రాంతి కోసం ప్రయాణం: ఎప్పుడు, ఎక్కడికి, ఎలా?

మీ భార్యకు ఇప్పుడు 16వ వారం నడుస్తోందని, మొదటి మూడు నెలల వేవిళ్ళతో ఆమె బాగా నీరసించిపోయారని, బిడ్డ పుట్టేలోగా ఇద్దరూ ఎక్కడికైనా వెళ్ళి కొద్ది రోజులు ప్రశాంతంగా గడపాలని ఉన్నా ఎప్పుడు, ఎటు, ఏ వాహనంలో వెళ్ళాలో తేల్చుకోలేకపోతున్నామని రాశారు. నా మొదటి గర్భంలో మావారూ నేనూ ఇలాంటి ప్రయాణమే చేశాం. ఆ అనుభవాన్నీ, అప్పుడు మా డాక్టరు గారు చెప్పిన జాగ్రత్తలనూ, తరువాత నేను చదివి తెలుసుకున్న విషయాలనూ కలిపి రాస్తున్నాను. వీటిలో ఏదైనా మీ భార్యను చూస్తున్న డాక్టరు సలహాకు భిన్నంగా ఉంటే డాక్టరు మాటనే పాటించండి.

సమయం విషయంలో మీరు సరైన వేళకే ఆలోచన మొదలుపెట్టారు. 14వ వారం నుంచి 28వ వారం వరకు ప్రయాణాలకు అనుకూలమైన కాలమని వైద్యులు చెబుతారు. అప్పటికి చాలామందిలో వాంతులు, వికారం తగ్గుతాయి, గర్భస్రావం జరిగే అవకాశం మొదటి నెలలతో పోలిస్తే బాగా తగ్గుతుంది, పొట్ట బరువు ఇంకా నడకనూ నిద్రనూ అంతగా ఇబ్బంది పెట్టదు. అయితే ఈ వారాలన్నీ ఒకేలా ఉండవు. శిశువు అవయవాల నిర్మాణాన్ని చూసే టిఫా స్కాన్ సాధారణంగా 18 నుంచి 22 వారాల మధ్య, గర్భధారణ సమయంలో వచ్చే మధుమేహాన్ని కనిపెట్టే గ్లూకోజ్ పరీక్ష 24 నుంచి 28 వారాల మధ్య చేస్తారు. ఈ రెండింటి నడుమ దొరికే ఖాళీలో వెళ్ళడం ఉత్తమమని నా అభిప్రాయం. మేము స్కాన్ ఫలితం చేతికి వచ్చాకే బయలుదేరాం. మాయ (బిడ్డకు పోషణ అందించే ప్లాసెంటా) ఎక్కడ ఉందో, గర్భాశయ ముఖద్వారం ఎంత పొడవుందో ఆ స్కాన్‌తోనే చాలావరకు తెలిసిపోతుంది కనుక ప్రయాణం చేయవచ్చా లేదా అన్న నిర్ణయానికి గట్టి ఆధారం దొరుకుతుంది. దానికన్నా ముఖ్యంగా, బిడ్డ ఎలా ఉందోనన్న బెంగ మనసులో మిగలకుండా వెళ్ళగలుగుతాం. ఆ బెంగతో వెళితే ఎంత అందమైన చోటైనా విశ్రాంతినివ్వదు.

డాక్టరును కలిసినప్పుడు ప్రయాణం చేయవచ్చా అని మాత్రమే అడిగి ఊరుకోకండి. ఎంత దూరం, ఎన్ని గంటలు, ఏ వాహనం, ఎలాంటి ప్రదేశం అన్నవి చెప్పి అడిగితేనే ఆమెకు తగిన జవాబు వస్తుంది. మాయ కిందికి ఉండి రక్తస్రావం కనిపించినవారు, గర్భాశయ ముఖద్వారం పొట్టిగా ఉన్నవారు, బీపీ అదుపులో లేనివారు, ఇంతకుముందు నెలలు నిండకుండా కాన్పు అయినవారు దూర ప్రయాణాలు మానుకోవలసి రావచ్చు. కవలలు ఉంటే మరింత ఆలోచించాలి. మీ భార్య రక్తం ఆర్‌హెచ్ నెగెటివ్ అయితే ఆ సంగతి ఇద్దరికీ స్పష్టంగా తెలిసి ఉండాలి. ప్రయాణంలో రక్తస్రావం జరిగినా, పొట్టకు దెబ్బ తగిలినా తల్లి శరీరం బిడ్డ రక్తకణాలకు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు తయారుచేయకుండా ఆపే యాంటీ-డి ఇంజెక్షన్ అవసరం కావచ్చు, దానిని సాధారణంగా 72 గంటల లోపు ఇవ్వాలి. స్కాన్ నివేదికలు, రక్తపరీక్షల ఫలితాలు, వాడుతున్న మందుల పేర్లు ఒక ఫైలులో పెట్టి మీ చేతి సంచిలో ఉంచుకోండి, వాటి ఫొటోలు ఫోనులోనూ ఉంచుకోండి.

ఇక ఎక్కడికన్న ప్రశ్న. కొండలా, సముద్రమా అని మీరు అడిగారు. నేనైతే ఆ ప్రశ్నకు ముందు మరొకటి అడుగుతాను: అక్కడినుంచి గంట లోపు చేరగలిగేంత దూరంలో కాన్పులు చేసే, నెలలు నిండని శిశువులను చూసుకోగల ఆసుపత్రి ఉందా? ఉంటే కొండ అయినా, సముద్రమైనా అభ్యంతరం లేదు. కాకపోతే సముద్ర మట్టానికి సుమారు 2500 మీటర్లకు మించిన ఎత్తులో బస చేయకపోవడం మంచిది. ఎత్తులకు అలవాటు లేని శరీరానికి అక్కడ ప్రాణవాయువు చాలక ఆయాసం, తలనొప్పి వస్తాయి, నిద్ర పట్టదు. మలేరియా, జికా వ్యాపించిన ప్రాంతాలను పూర్తిగా వదిలేయండి. గర్భిణికి మలేరియా సోకితే అది తీవ్ర రూపం దాల్చే అవకాశం ఎక్కువ. జికా వైరస్ బిడ్డ మెదడు ఎదుగుదలను దెబ్బతీయగలదు, పైగా అది దోమకాటుతోనే కాక శారీరక సంపర్కం ద్వారా కూడా సోకుతుంది. అందువల్ల భర్త ఒక్కడే ఉద్యోగం పనిమీద అలాంటి చోటికి వెళ్ళి వచ్చినా, కాన్పు అయ్యేదాకా కండోమ్ వాడాలని వైద్యులు చెబుతారు. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి చేసిన దేశాలను కూడా ఇప్పటికి పక్కన పెట్టవచ్చు, ఎందుకంటే అది బతికున్న వైరస్‌తో తయారయ్యే టీకా కనుక గర్భిణులకు సాధారణంగా ఇవ్వరు.

ఒకే చోట ఉండండి. ఇది నేను చాలా గట్టిగా చెప్పదలచుకున్న మాట. పెళ్ళయిన కొత్తలో మేము ప్రతి ప్రయాణంలోనూ వీలైనన్ని ఊళ్ళు చుట్టేసేవాళ్ళం. గర్భంతో ఉన్నప్పుడు మాత్రం నీటి ఒడ్డున ఒక చిన్న బసను ఎంచుకుని, వచ్చేదాకా అక్కడే ఉన్నాం. సామాను మళ్ళీ మళ్ళీ సర్దే పని లేకపోవడం, పొద్దున లేచాక ఎక్కడికీ వెళ్ళనవసరం లేకపోవడం, మధ్యాహ్నం భోజనం అయ్యాక నిద్ర ముంచుకొస్తే వెంటనే పడుకోగలగడం ఆ నెలల్లో శరీరానికి ఎంత హాయినిచ్చాయో మాటల్లో చెప్పడం కష్టం. నడుస్తున్నప్పుడు, పనిలో ఉన్నప్పుడు గమనించలేనంత మెత్తగా ఉన్న బిడ్డ కదలికలు నాకు మొదటిసారి స్పష్టంగా తెలిసింది అలా నిశ్చలంగా పడుకున్న వేళల్లోనే. మొదటి కాన్పు వారికి ఆ కదలికలు తరచుగా 18 నుంచి 20 వారాల మధ్య తెలియడం మొదలవుతుంది కాబట్టి, మీ ప్రయాణం కూడా ఆ రోజులకే సరిపోవచ్చు.

వాహనం సంగతి దూరాన్ని బట్టి ఉంటుంది. మేము కారులో వెళ్ళాం, ఎందుకంటే కావలసిన చోట ఆపుకునే వీలు అందులోనే ఉంది. గర్భధారణలో కాళ్ళ సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలు కన్నా నాలుగైదు రెట్లు ఎక్కువ, గంటల తరబడి కదలకుండా కూర్చుంటే అది మరింత పెరుగుతుంది. కాబట్టి కనీసం రెండు గంటలకొకసారి ఆగి ఆమెను కొద్దిసేపు నడవనివ్వండి. మూత్రవిసర్జనకు లేవవలసి వస్తుందని నీళ్ళు తాగడం తగ్గించడం చాలామంది చేసేదే కానీ, దానివల్ల రక్తం గడ్డకట్టే అవకాశమూ, మూత్రనాళ ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశమూ పెరుగుతాయి. ఆగిన ప్రతిచోటా విసుగు చూపకుండా ఉండటం మీ వంతు. సీటు బెల్టు కింది పట్టీ పొట్ట కిందుగా, తుంటి ఎముకల మీదుగా వెళ్ళాలి; పై పట్టీ రొమ్ముల మధ్య నుంచి పొట్టకు ఒక పక్కగా రావాలి. పొట్ట మీదుగా పట్టీ వేయకూడదు, బెల్టు అసలు పెట్టుకోకపోవడం అంతకన్నా ప్రమాదకరం.

విమానంలో వెళ్ళదలిస్తే, ఏ ఇబ్బందీ లేని గర్భిణికి ఈ నెలల్లో విమాన ప్రయాణం సురక్షితమేనని తెలుసుకుని నిశ్చింతగా ఉండండి. 28వ వారం దాటాక చాలా విమాన సంస్థలు డాక్టరు ఇచ్చిన ధ్రువపత్రం అడుగుతాయి. ఒకే బిడ్డ అయితే సుమారు 36వ వారం తరువాత, కవలలైతే 32వ వారం తరువాత ఎక్కించుకోవు. వెళ్ళే రోజునే కాక తిరిగి వచ్చే రోజున ఎన్నో వారం నడుస్తుందో కూడా లెక్క చూసుకోవాలి. నడవ పక్క సీటు తీసుకోండి. నాలుగు గంటలకు మించిన ప్రయాణమైతే పిక్కలను బిగించి ఉంచే సాక్స్ వాడాలా అని డాక్టరును అడగండి. పైకి వెళ్ళాక పేగుల్లోని గాలి వ్యాకోచించి పొట్ట ఉబ్బరంగా ఉంటుంది కనుక గ్యాస్ నింపిన పానీయాలను ముందుగానే మానేయడం మేలు. ఓడలో విహారయాత్ర గురించి ఆలోచిస్తున్నట్లయితే, యాత్ర ముగిసేలోగా 24వ వారం వచ్చే గర్భిణులను చాలా ఓడల సంస్థలు అనుమతించవు.

బస కుదుర్చుకునేటప్పుడు గది నుంచి కనిపించే దృశ్యం కన్నా మెట్లు, పరుపు, స్నానాల గది ముఖ్యం. మావారు ముందే ఫోను చేసి కింది అంతస్తులో గది ఉందా, స్నానాల గది నేల జారుతుందా, అదనంగా దిండ్లు ఇస్తారా అని అడిగి తెలుసుకున్నారు. రాత్రిళ్ళు పక్కకు తిరిగి పడుకుని మోకాళ్ళ మధ్య ఒకటి, పొట్ట కింద ఒకటి దిండు పెట్టుకుంటే నడుము నొప్పి తగ్గి నాకు నిద్ర బాగా పట్టేది. శుభ్రమైన నీటిలో మెల్లగా ఈదడం మంచిదే, నీరు బరువును మోస్తుంది కాబట్టి నడుముకు ఎంతో ఉపశమనంగా ఉంటుంది. వేడినీటి తొట్లు, ఆవిరి గదులు మాత్రం వద్దు. శరీరం లోపలి ఉష్ణోగ్రత 39 డిగ్రీల సెల్సియస్ దాటడం బిడ్డకు మంచిది కాదు, తల్లికి కూడా కళ్ళు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. గాలి నింపిన సిలిండరుతో నీటి అడుగుకు వెళ్ళే స్కూబా డైవింగ్ పూర్తిగా నిషిద్ధం. మర్దన చేయించుకోవాలనుకుంటే గర్భిణులకు చేయడంలో శిక్షణ పొందినవారి చేతనే, పక్కకు పడుకోబెట్టి చేయించాలి. ఆహారం బాగా ఉడికినదై, వేడిగా ఉండాలి.

దంపతుల ప్రయాణం గురించి అడిగారు కనుక ఒక విషయం దాచకుండా చెబుతాను. గర్భం సజావుగా సాగుతూ, డాక్టరు వద్దనకపోతే శారీరక సంబంధం బిడ్డకు హాని చేయదు. ఉమ్మనీరు, గర్భాశయ కండరాలు బిడ్డను కాపాడుతూనే ఉంటాయి. అయినా ఆమెకు ఆసక్తి లేకపోవచ్చు, అలసట ఉండవచ్చు, తన శరీరం మారిపోతోందన్న దిగులు ఉండవచ్చు. ప్రయాణం పెట్టుకున్నాం కదా అని దేనినీ ఆశించకుండా ఆమె మనసును గమనిస్తూ ఉండండి. మా ఇద్దరికీ ఆ రోజుల్లో అన్నింటికన్నా మేలు చేసినవి మా మాటలు. కాన్పు అంటే నాకున్న భయాన్ని, బాధ్యతల గురించి ఆయనకున్న ఆందోళనను ఇంట్లో పనుల హడావుడిలో ఎప్పుడూ అంత తీరికగా చెప్పుకోలేదు. అలా మాట్లాడుకునే తీరిక దొరకాలంటే ఏర్పాట్ల భారం ఆమె మీద పడకూడదు. గది, దారి, ఆసుపత్రి చిరునామా, మందుల వేళలు, ఇంటినుంచి వచ్చే ఫోన్లకు సమాధానాలు, అన్నీ మీరే చూసుకోండి. ఆమెను అడగవలసింది ఒక్కటే, ఈ పూట ఎలా ఉందని. బాగాలేదంటే ఆ రోజు అనుకున్నదంతా మానేయండి.

రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, ఆగి ఆగి వచ్చే కడుపు నొప్పి, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం, చేతులు ఉన్నట్టుండి వాచడం, ఒక కాలి పిక్క మాత్రమే వాచి నొప్పి పుట్టడం, ఆయాసం లేదా ఛాతీ నొప్పి, జ్వరం, అప్పటికి స్పష్టంగా తెలుస్తున్న బిడ్డ కదలికలు తగ్గడం, వీటిలో ఏది కనిపించినా ఇంటికి చేరాక చూద్దామనుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

డబ్బు కట్టేముందు రెండు చూసుకోండి. ప్రయాణ బీమా తీసుకుంటే అది గర్భధారణ వల్ల వచ్చే సమస్యలకూ, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ చికిత్సకూ వర్తిస్తుందో లేదో షరతుల్లో చదవండి, ఎందుకంటే చాలా పాలసీలు వీటిని మినహాయిస్తాయి. గదినీ టికెట్లనూ చివరి నిమిషంలో రద్దు చేసుకున్నా డబ్బు తిరిగి వచ్చే విధంగానే తీసుకోండి, కాస్త ఎక్కువైనా ఫరవాలేదు. కట్టిన డబ్బు పోతుందన్న కారణంతో, బయలుదేరే రోజున ఒంట్లో బాగాలేకపోయినా బాగానే ఉందని ఆమె చెప్పే పరిస్థితి రాకూడదు. మీకు 16వ వారమే కాబట్టి ముందు స్కాన్ తేదీ ఖరారు చేసుకోండి, అది అయిన వారం పది రోజుల తరువాతి తేదీలకు గది చూసుకోండి.