బెర్లిన్ గోడ రెండు జర్మనీల సరిహద్దులో ఉండేదా?

లేదు, బెర్లిన్ నగరం మొత్తం తూర్పు జర్మనీ భూభాగం లోపలే ఉండేది, గోడ ఆ నగరపు పశ్చిమ భాగాన్ని మాత్రమే చుట్టుముట్టింది. 1945లో ఓడిపోయిన జర్మనీని అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ నాలుగు మండలాలుగా పంచుకున్నప్పుడు, రాజధాని బెర్లిన్ సోవియట్ మండలం (తర్వాతి తూర్పు జర్మనీ) లోపల ఉన్నప్పటికీ, దానిని కూడా విడిగా నాలుగు భాగాలు చేసుకున్నాయి. అందుకే 1948 జూన్‌లో సోవియట్ అధికారులు రోడ్డు, రైలు, జలమార్గాలను మూసివేసినప్పుడు, అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ భాగాలతో కూడిన పశ్చిమ బెర్లిన్‌లోని 20 లక్షలకు పైగా ప్రజలకు ఆహారమే కాదు, బొగ్గు సైతం విమానాల్లోనే చేరవేయవలసి వచ్చింది. 1961 ఆగస్టు 13న మొదలైన గోడ చివరకు సుమారు 155 కిలోమీటర్లకు పెరిగింది. అందులో నగరాన్ని రెండుగా చీల్చినది దాదాపు 43 కిలోమీటర్లే. గోడ పశ్చిమ బెర్లిన్ చుట్టూ ఉండేది కాబట్టి బందీలు అక్కడివారేనని చాలామంది పొరబడతారు. నిజానికి తూర్పు జర్మనీ ప్రభుత్వం దానిని కట్టింది తన ప్రజలే పశ్చిమానికి తరలిపోకుండా ఆపడానికి.