సమాధానం: 2000 బంగారు నాణేలకే మేజ్ ఆర్మర్ తాయెత్తు ఇవ్వొచ్చా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో మేజ్ ఆర్మర్ (ఒంటికి కనిపించని కవచం కట్టే మంత్రం) ఎప్పుడూ పనిచేసే తాయెత్తుని మీ ఆటగాడు 2000 నాణేలకే అడుగుతున్నాడు, ఇవ్వొచ్చా అన్నారు. ఇవ్వకండి. మీ ఆటగాడి లెక్కలో తప్పేం లేదు: ఆ ఆట 3.5 రూల్స్‌లో ఎప్పుడూ పనిచేసే వస్తువుకి ధర మంత్రం లెవెల్ × కాస్టర్ లెవెల్ (మంత్రం వేసేవాడి స్థాయి) × 2000, ఇక్కడ రెండూ ఒకటే కాబట్టి 1 × 1 × 2000. కానీ ఆ ఫార్ములా పట్టిక ఆఖరి దిక్కు మాత్రమే. ముందు అలాంటి వస్తువు ఇప్పటికే ఉందేమో చూసి, దాని ధరతో పోల్చమని డీఎం గైడే (ఆట నడిపేవాళ్ల రూల్ పుస్తకం) చెబుతోంది.

ఉంది కదా! బ్రేసర్స్ ఆఫ్ ఆర్మర్ +4, అంటే కవచంలా కాపాడే ముంజేతి పట్టీలు. మేజ్ ఆర్మర్ ఇచ్చే ఆర్మర్ బోనస్సే (రక్షణకి కలిసే +4), అదే ఫోర్స్ (మంత్రశక్తి) రక్షణ, దయ్యాల తాకిడినీ ఆపుతుంది. ధర బోనస్‌ని బోనస్‌తోనే గుణించి × 1000, అంటే 4 × 4 × 1000 = 16,000. తయారీకి అందులో సగం 8000 నాణేలు, 640 ఎక్స్‌పీ (అనుభవ పాయింట్లు), 16 రోజులు. తాయెత్తుకీ ఇదే ధర వేయండి. మెడలో వేసుకున్నంత మాత్రాన చవకైపోదు.

మరీ మొండికేస్తే బేరం ఇలా పెట్టండి: మాట పలికితే పనిచేసేలా, రోజుకి ఒక్కసారి, ఒక గంట. 1 × 1 × 1800ని 5తో భాగిస్తే 360. తయారీ ఖర్చు 180. తక్కువ లెవెల్ పార్టీకి అదే ఎక్కువ. ఇంతకీ ఇదే ఫార్ములాతో ట్రూ స్ట్రైక్ (దెబ్బ గురిని బాగా పెంచే మంత్రం) కత్తి సంగతి ఇంకా ఎత్తలేదా? ఎత్తుతాడు, చూడండి.